లేచాక చెప్పాలి

పదకొండు శాతం దగ్గర గీత ఆగిపోయింది. ఆగిందా, నడుస్తోందా అని వీర్రాజు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, మళ్ళీ దించి చూశాడు. నీలం గీత. దాని కింద మిగిలిన సమయం. ఒకసారి యాభై నిమిషాలంటుంది, ఒకసారి రెండు గంటలంటుంది. మనుషుల్లాగే దానికీ మాట మీద నిలకడ లేదు.

"బాబాయ్, నాను జుమ్మా నమాజుకెళ్ళొత్తాను. గంటలో వచ్చేత్తాను," అన్నాడు అనీస్, జేబులోంచి టోపీ తీసి తలకి పెట్టుకుంటూ. "తెర ఆరిపోతే మౌసు కొంచెం కదపండి. ఏటీ నొక్కకండి."

"నొక్కాల్సింది ఎప్పుడో నొక్కేశాగా," అన్నాడు వీర్రాజు.

నవ్వాలో వద్దో తెలియక అనీస్ షట్టరు సగానికి దించి వెళ్ళిపోయాడు. ద్వారకా నగర్‌లో రెండో అంతస్తు మీది కంప్యూటర్ల రిపేరు దుకాణం. పక్క గది కోచింగ్ సెంటరు. గోడ అవతల ఎవరో లెక్క చెబుతున్నాడు, నలభై గొంతులు ఆ జవాబే తిరిగి చెబుతున్నాయి. కింద బస్సుల హారన్లు. బల్ల మీద మూత తీసేసిన తన కంప్యూటరు పెట్టె, పక్కనే అరచేతి మందాన నల్లటి డిస్కు. ఈ రెంటినీ ఒళ్ళో పెట్టుకుని, మీద తువ్వాలు కప్పి, కూర్మన్నపాలెం నుంచి సిటీ బస్సులో తెచ్చాడు. కండక్టరు వంగి చూసి, "ఏటి బాబాయ్, పెళ్ళికూతుర్ని తెస్తన్నట్టు తెస్తన్నావ్," అన్నాడు. వీర్రాజు టిక్కెట్టు తీసుకుని కిటికీ వైపు తిరిగాడు. వాడికేం తెలుసు. ఆ నల్ల డిస్కులో అనీస్ ప్రోగ్రాం వెతుకుతున్నది ఒకే ఒక్క ఫోల్డరు. దాని పేరు 'లేచాక చెప్పాలి'. అది తాయారుది. తాయారు పోయి పది నెలలు. ఆ ఫోల్డరు చెరిపేసినవాడు తాయారు మొగుడు వీర్రాజే.

పన్నెండు శాతం. చెరిపానని ఎవరికీ చెప్పలేదు, అనీస్‌కి తప్ప. వాడికైనా చెప్పక తప్పక చెప్పాడు. డాక్టరు దగ్గర దాచినట్టు వీడి దగ్గర దాస్తే వీడు మాత్రం ఏం వెతుకుతాడు. అసలు దాచడమనే విద్య ఆ ఇంట్లో తనది కాదు, తాయారుది. ఆవిడ దాచింది, ఈయన చెరిపాడు, ఇద్దరికీ చెల్లు. చెల్లా? ఏం చెల్లు. మొదట్లో ఇదంతా మంచికే మొదలైంది. ఆవిడ పోయిన మూడో నెలలో కంప్యూటరు లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. బేరింగు పోతున్న చప్పుడని చెవికి తెలిసిపోయింది. పదో తరగతి ఊళ్ళో, రెండేళ్ళు ఐటిఐ, ముప్పై మూడేళ్ళు స్టీలు ప్లాంటు పంపు హౌసులో. చదువు తక్కువైనా తిరిగే యంత్రం ఎప్పుడు చస్తుందో వినిపిస్తుంది. మనిషి సంగతే వినిపించలేదు. అప్పుడూ ఇలాగే ఇదే బల్ల ముందు కూర్చుంటే అనీస్ ఒక్కొక్కటీ చూపించాడు. పెన్ డ్రైవు వద్దు బాబాయ్, గోళీకాయలాటిది, ఎక్కడో పడిపోతాది. డీవీడీలా, మన సముద్రం గాలికి మబ్బులు పట్టేత్తాయి. లోపల తిరిగే డిస్కు తీసేసి కొత్త రకందేత్తాను, సప్పుడుండదు, తిరగదు. బయట కాపీకి మాత్రం పాత రకం తిరిగేదే తీసుకోండి, దాంట్లో శానా పడతాయి. లేదా క్లౌడు.

క్లౌడు అంటే ఎవడిదో ఇల్లు. నెలనెలా అద్దె కట్టి మన సామాను వాడి అటక మీద పెట్టడం. వీర్రాజు వద్దన్నాడు. అమ్మాయి హరిచందన కూడా ఫోనులో అదే పోరింది. పరవాడ మందుల కంపెనీ ల్యాబులో దాని ఉద్యోగం. క్లౌడు వద్దంటే మానెయ్ నాన్నా, ప్రోగ్రాం మాత్రం పాత కాపీలు ఉంచేది తీసుకో, అంది. మా ల్యాబులో తప్పు రాసినా చెరపడానికి లేదు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి, కింది అక్షరం కనిపిస్తూనే ఉండాలి. మీ మందుల గోల నాకెందుకే అన్నాడు తను. అనీస్ రెండు ప్రోగ్రాములు తెర మీద పెట్టాడు. ఇదేమో బాబాయ్, రోజూ ఎలాగున్నాదో అలాగ ఒక్కో కాపీ పక్కన పెడతాది, మీరు ఇక్కడ తీసేసినా అక్కడుంటాది. ఇదేమో అద్దం, ఇక్కడ ఏటుంటే అక్కడదే. ఏది కావాలి?

అద్దం, అన్నాడు. ఆలోచించనైనా లేదు. ఆలోచించడానికి ఏముంది. బ్లాస్ట్ ఫర్నేసుకి నీళ్ళిచ్చే పంపులు ఎప్పుడూ జంటగా ఉంటాయి, ఒకటి నడుస్తుంది, ఒకటి స్టాండ్‌బై. దీనికి ప్యాకింగు మార్చారంటే దానికీ మార్చాలి, దీని వాల్వు ఎన్ని చుట్లు తెరిచి ఉంటే దానిదీ అన్నే చుట్లు. తేడా ఉందో, నడిచేది ఆగిన క్షణాన రెండోది బరువెత్తుకోలేదు, నీళ్ళు తగ్గుతాయి, ఫర్నేసు గోడ కరుగుతుంది, కింద మనుషులుంటారు. ముప్పై మూడేళ్ళలో వీర్రాజు షిఫ్టులో నీళ్ళు ఒక్క నిమిషం ఆగలేదు. స్టాండ్‌బై అంటే అదీ. పాత ప్యాకింగూ పాత బోల్టులూ కాపాడుకునేవాడు ఫిట్టరు కాదు, పాత సామాన్లవాడు. అదే మాట అన్నాడు అనీస్‌తో. "రెండూ ఒక్కలా ఉండాలిరా అబ్బాయ్. చెత్త దాచుకునే ప్రోగ్రాం నాకొద్దు." వాడు భుజాలెగరేసి అద్దమే పెట్టాడు. రోజూ సాయంత్రం ఆరింటికి దానంతటదే నడిచేది. సరిగ్గా ఆరింటికి వీర్రాజు ముందు కూర్చుని చూసేవాడు. అయిపోగానే తెర మీద టిక్కు గుర్తు పడేది, దాన్ని చూసి టీ పెట్టుకునేవాడు. పక్కింటి పోతమ్మ గోడ మీంచి, ఏటండి అన్నయ్యగారు, ఆరయ్యేసరికి సంధ్యావందనమా, అనేది. ఈయన టీ గ్లాసు పట్టుకుని లోపలికి పోయేవాడు. తాయారు పోయిన రోజున అదృష్టవంతురాలండి పసుపు కుంకాలతో ఎల్లిపోనాది అంది ఆ పోతమ్మే. అయితే నువ్వూ పోవే అదృష్టం పట్టుకుని, అన్నాడు శవం పక్కన కూర్చునే. అందరూ నోరు నొక్కుకున్నారు. నొక్కుకోనీ.

తెర ఆరిపోయింది. మౌసు కదిపాడు. పంతొమ్మిది. తేడా ఎక్కడొచ్చింది? పంపు హౌసులో నడిచే పంపును ఎవడూ కోపంతో పీకి పారెయ్యడు. అక్కడే వచ్చింది. పంపు చెడితే రెండోది అలా చెడకుండా ఉంటుంది. ఇక్కడ మనిషి చెడగొడితే రెండోది బుద్ధిగా అదే చెడగొట్టుకుంటుంది. ఇది పన్నెండేళ్ళ పిల్లకైనా తెలిసేది. తనకి తెలియలేదు. గోడ అవతల మళ్ళీ లెక్క. చెప్పినవాడి వెంట నలభై గొంతులు. వాళ్ళూ అద్దాలే. ఎంత చప్పుడు. ఇంత చప్పుడు ఆ ఇంట్లో ఏనాడూ లేదు. నైట్ షిఫ్టు మనిషి పడుకున్న ఇల్లు. గుమ్మం గొళ్ళేనికి ఎర్ర గుడ్డ కట్టి ఉంటే లోపల నైట్ షిఫ్టు పడుకున్నాడని క్వార్టర్ల లైనులో అందరికీ తెలుసు. చేపలమ్మే గంగాలమ్మ ఆ గుడ్డ చూసి కేక మానేసి, తట్ట దించి, చేత్తో సైగ చేసేది. కాలింగ్ బెల్లుకి వైరు ఉండదు. కుక్కరు ఎక్కదు, గిన్నెలోనే అన్నం వార్పు. చంటిదానికి మాటలకంటే ముందు మునివేళ్ళ మీద నడవడం వచ్చింది. పగలు ఎనిమిదికి పడుకుని మూడున్నరకి లేచేవాడు. ఆ ఏడున్నర గంటలూ ఆ ఆడమనిషి ఏం చేసేదో ఎన్నడూ అడగలేదు. అడగాలని తోచలేదు. అమ్మాయి చదువుకని కొన్న కంప్యూటరు, అమ్మాయి హాస్టలుకి పోయాక తాయారు ముందు చేరింది. ఎవరు నేర్పారో, తెలుగు టైపు నేర్చుకుంది. నిద్రలో ఒక చప్పుడు తెలిసేది, ఆకుల మీద సన్నటి తుప్పర పడుతున్నట్టు. బియ్యంలో రాళ్ళేరుతోంది కాబోలనుకుని అటు తిరిగి పడుకునేవాడు. కీబోర్డు కింద దుప్పటి మడత వేసుకుని, ఒక్క వేలుతో, మెల్లగా. చప్పుడు కాకూడదు కదా. ఆయన లేస్తాడు కదా.

లేపకూడదని ఎవరు చెప్పారు. తనే చెప్పాడు. హరిచందనకి రెండేళ్ళప్పుడు. రిలీవరు రాక పదహారు గంటల డ్యూటీ చేసి వచ్చి పడ్డాడు, పదకొండింటికి భుజం మీద చెయ్యి పడింది. ఏవండీ, ఏవండీ, అని. కళ్ళు తెరవకుండానే మంచం పక్క చెంబు తీసి విసిరాడు. గోడకి తగిలింది, మనిషికి కాదు. ఎవరు చచ్చినా సరే నన్ను లేపొద్దు, అన్నాడు. ఆవిడ చెంబు తీసి పక్కన పెట్టింది. తర్వాత, "మా నాన్న పోయారండి. పక్కవాళ్ళకి ఫోనొచ్చింది. పిల్లనెత్తుకుని నేను బయల్దేరుతున్నా, మీరు లేచాక రండి," అంది. లేచాడు. కూడా వెళ్ళాడు. మామగారి ఊరు రామచంద్రపురం దాకా బస్సులో మాట లేదు. అన్న మాట తప్పని అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. అవసరం లేదనుకున్నాడు, ఆవిడ మరిచిపోయిందనుకున్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో తాయారు చెయ్యి తన భుజం మీద మళ్ళీ పడలేదు. గ్యాసు వాసనేస్తే కిటికీలు తీసింది గానీ లేపలేదు. తుపాను నాటి మధ్యాహ్నం రేకులు ఎగిరి పెరట్లో పడుతుంటే పిల్లని దగ్గర పెట్టుకుని కూర్చుంది గానీ లేపలేదు. ఆ సంగతి ఇవాళ ఈ స్టూలు మీద కూర్చుని లెక్కేస్తే తేలింది. అప్పుడు మాత్రం, నా పెళ్ళాం నా నిద్ర విలువ తెలిసిన మనిషని షిఫ్టులో చెప్పుకున్నాడు.

ఫోను మోగింది. అమ్మాయి.

"నాన్నా, ఎక్కడున్నావ్? ఇంటికాడ ఎత్తట్లేదు."

"ద్వారకా నగర్. అనీస్ కొట్లో."

"మళ్ళీ ఏటయింది దానికి?"

"ఏం కాలేదు. చూపిద్దామని తెచ్చా."

"తిన్నావా?"

"ఊరికే అడక్కు. నువ్వు తిన్నావా?"

"లంచిలోనే ఉన్నాను. నాన్నా, ఎలాగూ అక్కడే ఉన్నావు కదా, అమ్మ ఏటో టైపు చేసుకునేది చూడు, అది నాకొక కాపీ తీయించవా? నన్నెప్పుడూ చూడనిచ్చేది కాదు. మీ నాన్నకి చెప్పాల్సినవే, ఆయన చూశాక నీ ఇష్టం, అనేది."

వీర్రాజు గీత వైపు చూశాడు. ముప్పై నాలుగు.

"నాన్నా?"

"చూస్తాలే," అని పెట్టేశాడు.

అంటే దానికీ తెలుసు. తల్లి ఏదో రాస్తోందని ఇంట్లో తెలియనివాడు ఒక్కడే. నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం, నిద్ర పట్టక, ఏం తోచక, ఫోల్డర్లు ఒక్కోటీ తెరుస్తుంటే కనబడింది. లోపల వందల ఫైళ్ళు. పేర్లు చదవకుండానే ఏదో ఒకటని మధ్యలోది నొక్కాడు. పక్కన తేదీ, ఆగస్టు తొమ్మిది. ఇవాళ స్నానం చేస్తుంటే ఎడమ చంకలో చేతికి తగిలిందండి, గోళీ అంత, నొప్పి లేదు. మీరు లేచాక చెప్పాలి. దాని కింది ఫైలు, పది. నిన్న చెప్పలేదు. లేచాక మీ మొహం బాగాలేదు. రేపు. దాని కిందిది, పదకొండు. రేపు. అంతే ఉంది. ఆ రేపు వచ్చేసరికి మరుసటి జులై అయింది, చెయ్యి పైకి లేవకపోతే అప్పుడు బయటపెట్టింది. అప్పటికి తను రిటైరై రెండేళ్ళు. నైట్ షిఫ్టు లేదు, డ్యూటీ లేదు, అయినా పాత అలవాటున పగలే నిద్ర, లేచి ముఖం ముడుచుకుని పేపరు. డాక్టరు స్కాను ఫిల్ము లైటుకెత్తి పట్టుకుని చూసి, ఇన్నాళ్ళూ ఏం చేశారండి, అన్నాడు. తాయారు చీర కొంగు సర్దుకుంది. అప్పుడే తెలిసిందండి, అంది. అబద్ధం. పదకొండు నెలలు. లేపితే ఏమయ్యేది? చెంబు విసురుతాననా? విసిరితే విసురుతాను, తలకి తగిలితే కుట్లు పడతాయి, చస్తావా? చంక కింద చావును పెట్టుకుని నాకు అన్నం వడ్డించావా? ఆ మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని ఇదంతా పైకే అరిచాడు. జవాబు చెప్పాల్సిన మనిషి లేదు. ఉన్నది ఆ ఫోల్డరు. దాన్ని ఆ తెర మీద ఇంక చూడలేడు. నొక్కాడు. నిజంగా చెరపాలా అని తెర అడిగింది. అవునన్నాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు, నూనె గుడ్డ నేల మీద వదిలే అలవాటు లేదు కాబట్టి. ఆ కోపంలోనూ బుర్ర మూల ఒక ధైర్యం ఉంది. ఉంది కదా, స్టాండ్‌బైలో ఉంది కదా. అక్కడుండనీ. ఎప్పటికైనా చదవగలిగిన రోజున చదువుకుంటా. ఆ ధైర్యంతోనే కోపం అంత ధారాళంగా వచ్చింది. రెండోది లేదని తెలిస్తే ఆ వేలు కదిలేదే కాదు. ఆ సాయంత్రం ఆరయింది. అద్దం నడిచింది. టిక్కు పడింది. టీ పెట్టుకున్నాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తిరిగే డిస్కులో చెరిపినా కింద మిగిలుంటుందట, దాని మీద మళ్ళీ రాయకపోతే. తిరగని కొత్త డిస్కులో ఆశే లేదన్నాడు అనీస్ పొద్దున్నే, అది ఖాళీ చేసిన చోటు వెంటనే తుడిచేసుకుంటాదంట. మరి ఈ తిరిగే దాని మీద తను రాశాడు. పెళ్ళి క్యాసెట్టూ, తన రిటైర్మెంటు సన్మానం వీడియో, దండా శాలువా మూడు గంటల ఉపన్యాసాలూ, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. ఎక్కించినవి ఆరింటికల్లా ఇటూ ఎక్కాయి. ఎక్కడ పడుకున్నాయో ఎవరికి తెలుసు. మొన్న, పదో నెల మాసికం పెట్టిన మర్నాడు, ఇవాళ చదవగలననిపించి ఈ నల్ల డిస్కు తెరిచాడు. లేదు. కిందికీ పైకీ పదిసార్లు చూశాడు. పెళ్ళి ఉంది. సన్మానం ఉంది. అమ్మాయి సర్టిఫికెట్లున్నాయి. కరెంటు బిల్లులున్నాయి. రెండు డిస్కులూ అచ్చం ఒక్కలా ఉన్నాయి, వీర్రాజు కోరుకున్నట్టే.

యాభై రెండు. అరవై. ఇప్పుడు పరిగెడుతోంది. తమ్ముణ్ణి క్షమించలేదు, పొలం గట్టు జరిపినందుకు. ఆ డాక్టర్ని క్షమించలేదు, అంత మాట ఆవిడ ముందే అన్నందుకు. పోతమ్మని సరేసరి. తాయారుని క్షమించనని పది నెలలుగా కూర్చున్నాడు, దీక్షలో కూర్చున్నట్టు. ఇప్పుడు ఆ వరసలో చివర ఇంకో మనిషి వచ్చి నిలబడ్డాడు, చేతిలో చెంబు పట్టుకుని. వీణ్ణేం చెయ్యాలి? దేవుడికి మొక్కే అలవాటు లేదు. అయినా గీత వైపు చూస్తూ పెదవులు కదిపాడు. ఒక్కటి. ఒక్కటైనా. ఎనభై. చెయ్యి అనుకోకుండా మౌసు మీదికి పోతే వెనక్కి లాక్కుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

షట్టరు లేచింది. అనీస్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "అయిపోనాదా బాబాయ్? ఒచ్చీసింది, ఇదిగో." స్టూలు లాక్కుని కూర్చుని కాసేపు నొక్కాడు. జాబితా పడింది. పొడుగ్గా, కిందికి దిగుతూనే ఉంది. వీర్రాజు లేచి నిలబడ్డాడు.

"పేర్లొచ్చీసినాయి. పద్నాలుగొందల చిల్లర," అన్నాడు అనీస్. ఒకదాన్ని తెరిచాడు. తెర నిండా గళ్ళు, గుర్తులు, అర్థం లేని గీతలు. ఇంకోటి తెరిచాడు. అదే. మరో పదో పదిహేనో తెరిచి చూసి చేతులు ఆపాడు. "బాబాయ్, నాను అబద్దమాడను. పేరున్నాది, లోపల సరుకు లేదు. మీద ఇంకేటో ఎక్కీసినాది."

"ఒక్కటీ లేదా?"

"ఆకరి దాకా సూత్తాను గానీ, ఆశ పెట్టుకోకండి."

వీర్రాజు కూర్చున్నాడు. గోడ అవతల క్లాసు విడిచినట్టున్నారు, మెట్ల మీద కాళ్ళ చప్పుడు. అనీస్ తెర తన వైపు తిప్పుకుని చూశాడు. "ఏటి బాబాయ్, పిన్నిగారు పేర్లు ఇంత పొడుగు పెట్టినారు," అన్నాడు. తర్వాత తనే, "పెట్టలేదు లెండి. పేరు పెట్టకుండా సేవ్ కొడితే మొదటి లైను అదే పేరుగా తీసేసుకుంటాది," అని తెర మళ్ళీ ఇటు తిప్పాడు.

అక్షరాలు చిన్నవి. వీర్రాజు ముందుకి వంగాడు. ఊళ్ళో బడిలో చదివినట్టు వేలు పెట్టి చదివాడు. పాలబ్బాయి ఇవాళ రాలేదండి. హరికి జ్వరం తగ్గిందని ఫోనొచ్చింది. గంగాలమ్మ కొరమేను తెచ్చింది, మీకని రెండు ఉంచాను. నిద్రలో నవ్వారు, ఏం కలో. వీధి కుక్క ఈనింది, నాలుగు. మీ నీలం చొక్కా గుండీ ఊడింది, కుట్టాను.

అనీస్ మెల్లగా అడిగాడు. "ఈ పేర్లన్నీ ఒక ఫైలు సేసిత్తాను బాబాయ్. ఎందులో పెట్టమంటారు?"

"అన్నిట్లో పెట్టు. నీ దగ్గర ఏమేం ఉన్నాయో అన్నిట్లో. ఆ క్లౌడులో కూడా. ఒకదాన్ని చూసి ఇంకోటి మారకూడదు." "కాగితం మీద ఒకటి తీయి. మా అమ్మాయికొకటి. మిగతాది ఏమైందో దానికి నేనే చెప్పుకుంటా."

అనీస్ ప్రింటరు వైపు వెళ్ళాడు. వీర్రాజు వేలు మళ్ళీ మొదటి పేరు మీదికి తెచ్చాడు. ఆగస్టు తొమ్మిది ఎక్కడో కిందుంది. దాని కోసం జాబితా జరపలేదు. వరసలో వచ్చినప్పుడు వస్తుంది.

పాలబ్బాయి ఇవాళ రాలేదండి.

"ఊఁ," అన్నాడు.

హరికి జ్వరం తగ్గిందని ఫోనొచ్చింది.

"ఊఁ. చెప్పు."